పింఛను పోతుందన్న భయంతో పొదుపు పోగొట్టుకోకండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉంటున్నాను. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడి కాలు చచ్చుబడింది. 2011లో ఇచ్చిన సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 55 శాతం అని ఉంది. భర్త పోయి ఆరేళ్లయింది. మిషను కుట్టుకుంటూ, డిగ్రీ చదువుతున్న కూతురిని పోషించుకుంటున్నాను. నెలకు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛను వస్తోంది. ఇప్పుడు మళ్లీ పరీక్షకు రమ్మని మా ఊరి సచివాలయం నుంచి కాగితం వచ్చింది. మా వీధిలో ఒకాయనకు ఇలాగే పరీక్ష చేసి, వైకల్యం 40 శాతం కన్నా తక్కువ, ఇక పింఛను రాదు అంటూ నోటీసు ఇచ్చారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. 25,000 ఇస్తే శాతం తగ్గకుండా చూస్తానని ఒకతను తిరుగుతున్నాడు. బ్యాంకులో 31,000 ఉంది. అందులోంచి ఇచ్చేయాలా? లేక 40,000 అప్పు చేసి కరెంటు మిషను కొనుక్కోవాలా? నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. అమ్మాయిని చదువు మాన్పించి బట్టల షాపులో చేర్చమని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ మనిషికి రూపాయి కూడా ఇవ్వకండి. అప్పు చేయకండి. అమ్మాయిని చదువు మాన్పించకండి. ఎందుకో మీరు పంపిన ఖర్చుల చీటీ పక్కన పెట్టుకుని చెబుతాను.

మీ భయం ఉత్తి భయం అని నేను అనను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 అయింది. ఆ వెంటనే 2025 జనవరి నుంచి పాత సర్టిఫికెట్ల తనిఖీ మొదలైంది, ఆగస్టులో నోటీసులు వచ్చాయి. పుట్టుకతోనే చూపు లేనివారు, కాలు లేనివారు కూడా సచివాలయాల ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. గగ్గోలు రేగాక, అప్పీలు చేసుకున్నవారికి పింఛను ఆపవద్దని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. దొంగ సర్టిఫికెట్లను ఏరివేయడాన్ని ఎవరూ కాదనరు. కానీ ఏరేటప్పుడు జరిగే పొరపాటు భారం మీలాంటివారి మీద పడకూడదు. చెవి వినపడని మనిషి చేతికి నోటీసు ఇచ్చి, ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి వెళ్లి నిరూపించుకోమనడం న్యాయం కాదు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సామాజిక భద్రత కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని అందులోని 24వ సెక్షను చెబుతుంది. అదే సెక్షనులో ‘ఆర్థిక స్థోమత మేరకు’ అన్న మాట కూడా ఉంది. కేంద్రం ఇచ్చే దివ్యాంగుల పింఛను 300 రూపాయలు, అదీ 80 శాతం వైకల్యం దాటిన పేదలకే. మీకు అందే 6,000 పూర్తిగా రాష్ట్ర ఖజానా నుంచి రావాల్సిందే. ఖజానా బిగుసుకున్న ప్రతిసారీ మీ గుండె దడదడలాడటానికి కారణం ఇదే. అందుకే నా దగ్గరికి వచ్చే దివ్యాంగుల కుటుంబాలకు నేను ఒకటే చెబుతాను: పింఛను మీ హక్కు, దాని కోసం నిలబడండి. అయితే ఇంటి లెక్క వేసేటప్పుడు మాత్రం అది కొన్ని నెలలు ఆగిపోగల ఆదాయం అనుకునే వేయండి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. పింఛను 6,000, కుట్టు మీద సగటున 5,500, మొత్తం 11,500. అద్దె 2,500, తిండికి, గ్యాసుకు 4,200, అమ్మాయి బస్సు పాసు, పుస్తకాలు 1,300, మీ మందులు, కాలిపరు (కాలికి ఊతగా కట్టుకునే పరికరం) మరమ్మతులు 700, కరెంటు, ఫోను 650, డ్వాక్రా వాయిదా 1,600. ఖర్చు 10,950. నెలకు మిగిలేది 550. ఇంత తక్కువ మిగులుతూ 31,000 కూడబెట్టారంటే మీరు ఎంత పొదుపరో నాకు అర్థమైంది. మీకు డబ్బు సంగతి నేను నేర్పేది తక్కువే.

పింఛను పూర్తిగా ఆగితే నెలకు 5,450 లోటు. అంటే బ్యాంకులోని 31,000తో ఐదున్నర నెలలు గడుస్తాయి. అందులోంచి 25,000 ఆ మనిషి చేతిలో పెడితే మిగిలే 6,000 ఒక్క నెలకు సరిపోతుంది. అప్పీలు చేసుకుని ఆసుపత్రి నుంచి పిలుపు కోసం ఎదురుచూడటానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఆ ఎదురుచూపుకు మీకు బలాన్నిచ్చేది ఆ 31,000 మాత్రమే. పైగా అతను ఏ సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చినా, అది తప్పుడుదని తేలితే చిక్కుకునేది మీరే. దివ్యాంగులకు ఉద్దేశించిన లబ్ధిని మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని అదే చట్టంలో ఉంది. పోలియో కాలు ఉన్న మీరు, నిజమైన అర్హత ఉన్న మీరు, ఆ బోనులో ఎందుకు నిలబడాలి?

మీరు ఉత్తరంలో ‘భర్త పోయి ఆరేళ్లయింది’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఆ మాట మీ లెక్కనంతా మారుస్తుంది. ఒకవేళ దివ్యాంగుల పింఛను పోయినా, మీరు వితంతు పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అది నెలకు 4,000. కాబట్టి చివరికి మీకు జరగగల నష్టం 6,000 కాదు, 2,000. దానంతట అదే మారుతుందని మాత్రం అనుకోకండి. మీరు అడగాలి, భర్త మరణ ధ్రువీకరణ పత్రం చూపాలి, కొత్త పింఛను మంజూరయ్యే దాకా కొన్ని నెలలు ఖాళీగా గడవవచ్చు. ఆ పత్రం ఇంట్లో ఉందో లేదో ఇవాళే పెట్టె తీసి చూడండి. లేకపోతే ఈ వారంలోనే తీసుకోండి. అరవై దాటిన పాఠకులు ఎవరైనా ఇదే భయంతో ఉంటే, వారు వృద్ధాప్య పింఛను గురించి ఇలాగే సచివాలయంలో అడగాలి. అదీ 4,000 రూపాయలే.

ఇక పరీక్ష. ఇది డబ్బు సంగతి కాదనుకోకండి, మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద డబ్బు సంగతి ఇదే. మా చిన్న మేనమామకూ పోలియోయే. చాలా ఏళ్ల కిందట ఆయనను పరీక్షకు నేనే తీసుకెళ్లాను. ఆ ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కాలిపరు తోలు పట్టీలకు నూనె రాశాడు, చేతికర్ర ఇంట్లోనే వదిలేశాడు. డాక్టరు నడవమంటే పళ్ల బిగువున పదడుగులు నడిచి చూపించాడు. ఇబ్బంది ఉందా అంటే ‘బాగానే ఉందండి’ అన్నాడు. బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుని పట్టీలు విప్పితే, మోకాలి కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కమిలి ఉంది. ఆ ఎరుపు లోపల ఎవరూ చూడలేదు. శాతం తక్కువ పడింది. దాన్ని సరిచేయించుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

కాబట్టి అమ్మా, ఆ రోజు మీ అభిమానాన్ని కాసేపు పక్కన పెట్టండి. లేనిది చెప్పమనడం లేదు, ఉన్నదాన్ని దాచవద్దంటున్నాను. కాలి పొడవులో తేడా, కండరాల బలం, కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి అన్నవి చూసి శాతం నిర్ణయిస్తారు. రోజూ వాడే కాలిపరు, చేతికర్ర తీసుకెళ్లండి. ఎంత దూరం నడిస్తే కాలు లాగుతుంది, మెట్లు ఎలా ఎక్కుతారు, ఎన్నిసార్లు పడ్డారు, ఇవన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకోండి. 2011 సర్టిఫికెట్, పాత ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు ఒక సంచిలో వేసుకోండి. అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చిరాకండి, నకళ్లు ఇవ్వండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి.

ఒకవేళ నోటీసు వస్తే, అది అందిన తేదీని దాని మీదే రాసుకోండి. అందులో ఇచ్చిన గడువు లోపల ఎంపీడీఓ కార్యాలయంలో అప్పీలు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. పట్టణాల్లో ఉండేవారు మున్సిపల్ కమిషనరు కార్యాలయానికి వెళ్లాలి. పలకకపోతే సోమవారం నాడు కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. వైకల్య ధ్రువీకరణ మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోనే ఉంది. బతిమాలుకుంటున్నట్టు రాయకండి. మీ పాత శాతం, కొత్త శాతం, రెండు తేదీలు రాసి, మళ్లీ పరీక్షించమని కోరండి, చాలు.

మిషను సంగతి మీద నేను చాలాసేపు ఆలోచించాను. 40,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. అసలు అలాగే ఉంటుంది. నెలకు 550 మిగిలే ఇంట్లో ఇది మోయలేని బరువు. కానీ కరెంటు మిషను కావాలన్న మీ కోరికలో న్యాయం ఉంది. ఇరవై ఏళ్లుగా ఒక్క ఎడమ కాలితోనే తొక్కుతున్నానని, రాత్రికి ఆ కాలూ వాస్తోందని రాశారు. ఆ ఎడమ కాలు మీ ఇంటికి ఆధారం, దాన్ని కాపాడుకోవాలి. అందుకు కొత్త మిషను అక్కర్లేదు. ఇప్పుడున్న మిషనుకే చిన్న మోటారు బిగిస్తారు. రెండు వేల రూపాయల చుట్టూ అవుతుంది. మిషన్లు బాగుచేసే అతన్ని అడగండి. ఈ ఖర్చు మాత్రం పొదుపులోంచి తీసి ఇప్పుడే పెట్టండి.

ఇంకొకటి. జాకెట్టుకు 110 తీసుకుంటున్నారు, నాలుగేళ్లుగా పెంచలేదు. నెలకు నలభై జాకెట్లు కుడుతున్నారు. ఇరవై రూపాయలు పెంచితే నెలకు 800. పాతవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడుతున్నట్టున్నారు. ఈ నాలుగేళ్లలో దారం, లైనింగు గుడ్డ ధరలు పెరగలేదా? ఆ మాటే వాళ్లకు చెప్పండి. మీ చేతి కుట్టు నచ్చినవారు ఇరవై రూపాయల కోసం వేరే చోటికి వెళ్లరు.

ఇప్పుడు మళ్లీ లెక్క వేద్దాం. మోటారుకు పోగా 29,000 ఉంటుంది. జాకెట్టు ధర పెంచితే, పింఛను పూర్తిగా ఆగినా లోటు 4,650. నాలుగు నెలలు ఆగిందనుకున్నా 18,600 ఖర్చయి, ఇంకా 10,400 చేతిలో ఉంటుంది. ఆ తర్వాత 4,000 పింఛనుతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చినా లోటు నెలకు 650 మాత్రమే. మీ డ్వాక్రా అప్పు ఇంకో ఏడు నెలల్లో తీరిపోతుందని రాశారు. అది తీరగానే 1,600 మిగులుతుంది, లోటే ఉండదు. ఈ లెక్కలో ఎక్కడా అమ్మాయి చదువు ఆపాల్సిన అవసరం కనిపించలేదు. మీ అన్నయ్యకు ఈ కాగితమే చూపించండి. డిగ్రీ చేతికొస్తే ఆ పిల్ల తెచ్చే జీతం, ఇప్పుడు మధ్యలో మానేసి షాపులో నిలబడితే వచ్చే జీతం ఒకటి కావు.

డ్వాక్రా వాయిదా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకండి. సక్రమంగా కట్టేవారికే సున్నా వడ్డీ వర్తిస్తుంది. అత్యవసరమైతే బయటి వడ్డీ కన్నా ముందు సంఘంలో అంతర్గత అప్పు అడగండి. అదీ కుదరకపోతే, బంగారు గొలుసు ఉంటే దాన్ని బ్యాంకులో కుదువ పెట్టండి, అమ్మకండి. బ్యాంకులో ఏడాదికి పడే వడ్డీ, బయట మూడు నాలుగు నెలల్లోనే పడుతుంది. ఉన్న డబ్బులో పది వేలు పొదుపు ఖాతాలో ఉంచి, మిగతాది అదే బ్యాంకులో తక్కువ కాలానికి డిపాజిట్ చేయండి, అవసరమైతే మధ్యలోనే తీసుకోవచ్చు. పరీక్ష ఫలితం తేలేదాకా కొత్త చీటీల్లో చేరకండి, ఐదేళ్ల పథకాల్లో డబ్బు బిగించకండి.

మీ అమ్మాయికి మీరు తప్ప ఎవరూ లేరు కాబట్టి బ్యాంకులో రెండు బీమాలు అడగండి. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద బీమా, 436 కడితే జీవిత బీమా, ఒక్కొక్కటి రెండు లక్షలకు. జీవిత బీమాలో యాభై ఏళ్ల లోపే చేరాలి, మీకు ఇంకా వయసు ఉంది. నామినీగా అమ్మాయి పేరు రాయించండి.

పరీక్షకు వెళ్లొచ్చాక ఏం జరిగిందో నాకు రాయండి. నోటీసు వస్తే దాని నకలు పంపండి, అప్పీలు ఎలా రాయాలో నేను రాసి పంపుతాను. మోటారు మాత్రం శ్రావణం రాకముందే బిగించుకోండి. పెళ్లిళ్ల జాకెట్లు వచ్చిపడే వేళకు మీ కాలు కాస్త తెరిపిన పడాలి.