సందేశంలో అర్థం ఉండదు, అందుకునే కణంలో ఉంటుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కణం బొమ్మ గీసి భాగాల పేర్లు రాయడం మీకు వచ్చు. కానీ కణాలు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయని చదివినప్పుడు, మెదడు లేని కణానికి ఆ సమాచారం ఎలా బోధపడుతుందో తెలియలేదు. ఆ బొమ్మలోని భాగాలకు ఇందులో పని ఏమిటన్నదీ తేలలేదు. చివర్లో, కేంద్రకం లేని కణాలు కూడా సందేశాలు అందుకుంటాయా అని అడిగారు.

నేను పరిశోధకుణ్ణి కాను. కొన్నేళ్లు సెల్ కల్చర్ ప్రయోగశాలలో పనిచేశాను. కణాలకు పోషక ద్రవం మార్చడం, ఒక ఫ్లాస్కు నుంచి మరో ఫ్లాస్కుకు తరలించడం, రోజూ మైక్రోస్కోపు కింద పెట్టి బాగున్నాయో లేదో చూడడం నా పని. కాబట్టి నా జవాబు ఆ వైపు నుంచే ఉంటుంది.

ముందు సూటిగా చెబుతాను. కణానికి ఏదీ బోధపడదు. బయటి నుంచి ఒక అణువు వచ్చి ఒక ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఆ ప్రోటీన్ ఆకారం కాస్త మారుతుంది. ఆ మార్పు పక్కనున్న ప్రోటీన్‌ను కదిలిస్తుంది, అది మరొకదాన్ని కదిలిస్తుంది. ఈ వరస చివరికి ఎక్కడ తేలుతుందన్నది ఆ కణం లోపల ఏయే ప్రోటీన్లు సిద్ధంగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. వచ్చిన అణువుకు తనంతట తానుగా ఏ అర్థమూ లేదు.

కణాలకు ఈ సంకేతాలు ఎంత అవసరమో ఫ్లాస్కుల దగ్గర నిలబడితే కళ్లకు కడుతుంది. మనిషి కణాలను, ఇతర క్షీరదాల కణాలను సాధారణంగా 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెంచుతారు. వాటికి పోసే ద్రవంలో గ్లూకోజు, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు అన్నీ ఉంటాయి. తిండికి లోటు లేదన్నమాట. అయినా అందులో సీరం కలపకపోతే చాలా రకాల కణాలు విభజన మానేస్తాయి, కొన్ని చనిపోతాయి. ఎందుకంటే సీరంలో పోషకాలతో పాటు పెరుగుదల కారకాలు ఉంటాయి. ఇవి వేరే కణాలు విడుదల చేసిన ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైన ఒకటి రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల నుంచి బయటికి వస్తుంది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరం, గడ్డకట్టనివ్వకుండా తీసిన ప్లాస్మా కంటే కణాలను బాగా పెంచడానికి కారణం అదే. శరీరంలో దీని అవసరం ఊహించడం కష్టం కాదు. రక్తం గడ్డకట్టిందంటే అక్కడ గాయం ఉంది, గాయం ఉన్నచోట కొత్త కణాలు కావాలి.

ఇంకో సంగతి. కణాలను ఫ్లాస్కులో మరీ పలుచగా చల్లితే చాలా రకాలు బతికి బట్టకట్టవు. అదే సంఖ్యలో కణాలను చిన్న పాత్రలో, కొద్ది ద్రవంలో ఉంచితే పుంజుకుంటాయి. మరీ మొండికేసే రకాలకు, అప్పటికే కణాలు బాగా పెరుగుతున్న ఫ్లాస్కులోంచి వాడిన ద్రవం తీసి, వడగట్టి, కొత్త ద్రవంలో కొంత కలిపేవాళ్లం. పోషకాలు కొంత ఖర్చయిపోయిన ద్రవమది. అయినా పూర్తిగా కొత్త ద్రవంలో కంటే కణాలు అందులోనే బాగా నిలదొక్కుకునేవి. పాత కణాలు వదిలిన సంకేతాలు అందులో ఉండడమే అందుకు కారణం. పొరుగు కణాల నుంచి ఏ కబురూ అందకపోతే తనను తాను క్రమపద్ధతిలో చంపుకునే ఏర్పాటు చాలా జంతు కణాల్లో ఉంది. తప్పిపోయి, తనది కాని చోట చేరిన కణం అక్కడ స్థిరపడకుండా ఇది కొంతవరకు కాపాడుతుంది. క్యాన్సర్ కణాలు వదిలించుకునే కట్టుబాట్లలో ఇదొకటి. సాధారణ కణాలు ఫ్లాస్కు అడుగంతా ఒక్క పొరగా నిండాక విభజన ఆపేస్తాయి. చాలా క్యాన్సర్ కణాలు ఆగవు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఈ తేడా తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, మామూలు మైక్రోస్కోపు చాలు.

ఇప్పుడు నిర్మాణం సంగతి. కణాన్ని పట్టణంతో పోల్చి, మైటోకాండ్రియా విద్యుత్ కేంద్రం, కణత్వచం ప్రహరీ గోడ అని చెప్పే పాఠాలంటే నాకు చిరాకు. పేర్లు గుర్తుంటాయి కానీ అసలు విషయం జారిపోతుంది. కణత్వచం గోడలా గట్టిగా ఉండదు. సుమారు 5 నానోమీటర్ల మందం ఉన్న రెండు వరసల కొవ్వు అణువుల పొర అది. అందులో ప్రోటీన్లు తేలుతూ అటూ ఇటూ కదులుతుంటాయి. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణంగా చేశారు. రెండింటి ఉపరితల ప్రోటీన్లకూ వేర్వేరు రంగుల్లో మెరిసే గుర్తులు పెట్టి చూస్తే, మొదట చెరో సగంలో ఉన్న రంగులు దాదాపు 40 నిమిషాల్లో పూర్తిగా కలిసిపోయాయి. త్వచంలో ప్రోటీన్లు కదలగలవు కాబట్టే, సంకేతం తగిలిన ప్రోటీన్ తన పక్కదాన్ని వెళ్లి కలవగలుగుతుంది.

ఒక్క సంకేతాన్ని పట్టుకుని దాని వెంట వెళ్దాం. భయం వేసినప్పుడు అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది, కాలేయ కణం గ్లూకోజును విడుదల చేస్తుంది. మధ్యలో ఏం జరుగుతుందన్నది 1950లలో ఎర్ల్ సదర్లాండ్ బృందం తేల్చింది. వాళ్లు చేసిన పని చాలా తెలివైనది. కాలేయ కణాలను చితక్కొట్టి, ఆ ముద్దలో త్వచపు ముక్కలున్న భాగాన్ని విడదీశారు. అది తీసేశాక మిగిలిన ద్రవంలో అడ్రినలిన్ కలిపితే ఏమీ జరగలేదు. త్వచపు ముక్కలతో అడ్రినలిన్‌ను కలిపినప్పుడు మాత్రం ఒక చిన్న అణువు తయారైంది. ఆ అణువును తీసి మిగిలిన ద్రవంలో వేస్తే, అడ్రినలిన్ లేకుండానే గ్లైకోజెన్‌ను (కాలేయం గ్లూకోజును నిల్వ చేసుకునే రూపం) విడగొట్టే ఎంజైము మేల్కొంది. ఆ చిన్న అణువు పేరు సైక్లిక్ ఏఎంపీ. అంటే అడ్రినలిన్ కణం లోపలికి రావలసిన పనే లేదు. బయట త్వచం మీద దాని పని పూర్తవుతుంది, లోపలి పని వేరే అణువు చూసుకుంటుంది. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. త్వచం మీది గ్రాహకానికీ (సంకేత అణువు వచ్చి అతుక్కునే ప్రోటీన్) సైక్లిక్ ఏఎంపీ తయారుచేసే ఎంజైముకూ మధ్య నిలిచే జీ ప్రోటీన్లను కనిపెట్టినందుకు గిల్మన్, రాడ్‌బెల్ 1994లో అదే బహుమతి అందుకున్నారు.

ఈ మధ్యవర్తులన్నీ ఎందుకన్న అనుమానం మీకు రావచ్చు. ఒక గ్రాహకం అనేక జీ ప్రోటీన్లను మేల్కొలపగలదు. మేల్కొన్న ఒక్కో ఎంజైము బోలెడన్ని సైక్లిక్ ఏఎంపీ అణువులను తయారుచేస్తుంది. మెట్టు దిగేకొద్దీ లెక్క పెరుగుతుంది. రక్తంలో అతి స్వల్పంగా ఉన్న హార్మోను ఒక కణం నుంచి అంత గ్లూకోజును రాబట్టగలగడానికి ఇదే కారణం.

ఇక నా శీర్షిక దగ్గరికి వస్తాను. గుండె కండర కణానికి అడ్రినలిన్ తగిలితే లోపల సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, కణం మరింత బలంగా సంకోచిస్తుంది. ఊపిరితిత్తుల గాలి గొట్టాల చుట్టూ ఉండే నునుపు కండర కణంలోనూ సైక్లిక్ ఏఎంపీయే పెరుగుతుంది, కానీ అది సడలుతుంది. బయటి అణువు ఒకటే, లోపలి అణువూ ఒకటే, ఫలితాలు మాత్రం పూర్తిగా ఎదురెదురు. ఆ తర్వాతి మెట్లలో ఉన్న ప్రోటీన్లు వేరు కావడమే ఇందుకు కారణం. నాడుల చివర్ల నుంచి వెలువడే ఎసిటైల్‌కోలిన్ అనే అణువు సంగతీ ఇంతే. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్లే నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. రెండోదీ నెమ్మదించింది. నాడులు రసాయనాలతో కబురు పంపుతాయని తేల్చిన ప్రయోగమది. గుండెను నెమ్మదింపజేసిన ఆ ఎసిటైల్‌కోలినే చేతి కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది, లాలాజల గ్రంథి చేత లాలాజలం ఊరిస్తుంది.

అన్ని సంకేతాలూ త్వచం దగ్గరే ఆగవు. స్టెరాయిడ్ హార్మోన్లు కొవ్వులో కరిగేవి కాబట్టి పొరను దాటి లోపలికి వెళ్లి, అక్కడి గ్రాహకాలను పట్టుకుని నేరుగా జన్యువుల మీద పనిచేస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ అయితే వాయువు. క్షణాల్లో నశించిపోతుంది కాబట్టి ఇరుగుపొరుగుకే పరిమితం. అసలు ఏ అణువునూ బయటికి వదలకుండా మాట్లాడుకునే కణాలూ ఉన్నాయి. పక్కపక్క కణాల త్వచాలను కలుపుతూ సన్నని ప్రోటీన్ గొట్టాలు ఉంటాయి, వాటి గుండా అయాన్లూ చిన్న అణువులూ ఇటు నుంచి అటు వెళతాయి. గిన్నెలో పెంచిన గుండె కండర కణాలను చూసినప్పుడు ఇది నాకు బాగా పట్టుబడింది. మొదట్లో దూరదూరంగా ఉన్న కణాలు వేటి లయలో అవి కొట్టుకుంటాయి. పరుచుకుని ఒకదాన్నొకటి తాకి, వాటి మధ్య ఆ దారులు ఏర్పడ్డాక మొత్తం పొర ఒకే లయలో కదులుతుంది. ఎన్నిసార్లు చూసినా పని ఆపి మరీ చూడాలనిపించేది.

మీరు బొమ్మలో గీసే మిగతా భాగాలు ఇక్కడే పనిలోకి వస్తాయి. ఆ గ్రాహకం ఎక్కడి నుంచి వచ్చింది? అంతర్జీవద్రవ్య జాలం మీద అతుక్కున్న రైబోసోమ్‌ల దగ్గర తయారైంది, గాల్జీలో మెరుగులు దిద్దుకుంది, ఒక చిన్న తిత్తి పొరలో ఇమిడి కణత్వచం దాకా ప్రయాణించింది. ఆ తిత్తి కణత్వచంతో కలిసిపోయినప్పుడు గ్రాహకం అందులో భాగమైపోయింది. గమనించండి, తిత్తి లోపలి వైపుకు ఉన్న గ్రాహకపు కొస ఇప్పుడు కణం బయటి వైపుకు తిరిగి ఉంటుంది. సందేశం అందుకోవలసిన కొస బయటికే ఎందుకుంటుందన్నదానికి జవాబు ఈ ప్రయాణంలోనే ఉంది. బయటికి పంపవలసిన ఇన్సులిన్ లాంటి హార్మోన్లదీ ఇదే దారి, కాకపోతే అవి పొరలో ఇమడకుండా తిత్తి లోపల ఉండి, అది కలిసిపోగానే బయట పడతాయి. మైటోకాండ్రియా నుంచి ప్రధానంగా వచ్చే ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) లేకపోతే ఈ సంభాషణే లేదు, ఎందుకంటే సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచే. కణద్రవంలో కాల్షియం అయాన్లు బయటి కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువగా ఉంటాయి. ఏటీపీ ఖర్చుపెట్టి వాటిని నిరంతరం బయటికీ, అంతర్జీవద్రవ్య జాలం లోపలికీ తోడిపోస్తేనే ఆ తేడా నిలుస్తుంది. ద్వారాలు ఒక్కసారి తెరుచుకుంటే కాల్షియం కణద్రవంలోకి దూసుకొస్తుంది, అదే ఒక సంకేతం అవుతుంది.

పాఠాల్లో దాదాపు ఎవరూ చెప్పని భాగం ఒకటి మిగిలింది. సంకేతాన్ని ఆపడం, పంపడమంత ముఖ్యం. జీ ప్రోటీన్ తనంతట తానే కాసేపటికి ఆరిపోతుంది. సైక్లిక్ ఏఎంపీని ముక్కలు చేసే ఎంజైము వేరుగా ఉంటుంది. ఈ ఏర్పాటు చెడితే ఏమవుతుందో కలరా చూపిస్తుంది. కలరా బ్యాక్టీరియా వదిలే విషం పేగు కణాల్లోని జీ ప్రోటీన్‌ను ఆరిపోకుండా బిగించేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే ఉంటుంది, కణాలు క్లోరైడు అయాన్లను పేగులోకి వదులుతూనే ఉంటాయి, వాటి వెంట సోడియం, నీరు పోతాయి. రోగి కొన్ని గంటల్లోనే ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. అయితే పేగు కణాల్లో గ్లూకోజునూ సోడియాన్నీ కలిపి లోపలికి తెచ్చే వేరే ప్రోటీన్ దెబ్బతినకుండానే ఉంటుంది. ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రావణం తాగించి ప్రాణం నిలబెట్టగలగడం దాని చలవే.

చివరగా కేంద్రకం లేని కణాలు. అవును, అందుకుంటాయి. ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, అవి ఎముక మజ్జలోని పెద్ద కణాల నుంచి తెగిపడిన ముక్కలు. అయినా గాయం దగ్గర రక్తం గడ్డకట్టేలా చేసే థ్రాంబిన్ అనే ఎంజైము తగిలితే వెంటనే ఆకారం మార్చుకుంటాయి, తమలో దాచుకున్న తిత్తులను బయటికి వదులుతాయి, థ్రాంబాక్సేన్ అనే అణువును తయారుచేసి పక్క ప్లేట్‌లెట్లను కూడా పిలుస్తాయి. త్వచం, గ్రాహకాలు, ఎంజైములు ముందే సిద్ధంగా ఉంటే జన్యువుల జోలికి వెళ్లకుండానే ఇవన్నీ జరిగిపోతాయి. కేంద్రకం లేని లోటు వేరేచోట తెలుస్తుంది. ఆస్పిరిన్ థ్రాంబాక్సేన్ తయారీకి కావలసిన ఎంజైమును శాశ్వతంగా పాడుచేస్తుంది. కేంద్రకం ఉన్న కణమైతే కొద్ది గంటల్లో కొత్త ఎంజైమును తయారుచేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు ఆ అవకాశం దాదాపు లేదు. కాబట్టి మందు రక్తంలోంచి పోయినా, ఆ ప్లేట్‌లెట్ బతికే 7 నుంచి 10 రోజుల వరకు ఆస్పిరిన్ ప్రభావం దాని మీద ఉండిపోతుంది. శస్త్రచికిత్సకు ముందు ఆస్పిరిన్ వాడుతున్నారా అని వైద్యులు అన్ని రోజుల ముందు నుంచే అడగడం అందుకే.