రాజీనామా లేఖలో కారణం ఏమని రాస్తున్నారో ముందు చూడండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదివాను. మీ ఆయనకు 42 ఏళ్లు. విజయవాడ దగ్గర ప్యాకేజింగ్ కంపెనీలో ఎనిమిదేళ్లుగా మెషిన్ ఆపరేటర్. పక్షవాతం వచ్చి మూడు నెలలవుతోంది, కుడి చెయ్యి, కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. రాజీనామా ఇస్తే లెక్క సెటిల్ చేస్తామని కంపెనీ వాళ్లు ఒత్తిడి పెడుతున్నారు. పదేళ్ల సర్వీసు లేదు కాబట్టి పీఎఫ్ పింఛను రాదని కూడా చెప్పారు. సంతకం పెడితే ఏమేం వస్తాయని అడిగారు.

ఇప్పుడే సంతకం పెట్టించకండి. ఇక ఆ పదేళ్ల మాట మీ ఆయన విషయంలో వర్తించదు. ఎందుకో చెబుతాను.

నాకు 2021లో బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. అప్పటికి బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ ఆపరేటర్‌ని. మీ ఆయనలాగే కుడి పక్క పడిపోయింది, మాట కూడా ముద్దగా వచ్చేది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొద్ది రోజులకు హెచ్‌ఆర్ అతను పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. లేవబోయే ముందు ఫైల్లోంచి టైపు చేసిన కాగితం తీశాడు. "వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని ఒక్కటే వాక్యం. నేను పెన్ను పట్టుకోలేనని తెలుసు కనుక స్టాంపు ప్యాడ్ కూడా వెంట తెచ్చుకున్నాడు. మా ఆవిడ ఆ కాగితం అందుకుని, "పెద్దవాళ్లకు చూపించి పంపిస్తాం బాబూ" అని పంపేసింది. మా షాపులోనే ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, యూనియన్‌లో తిరిగిన మనిషి. ఆయన ఆ కాగితం చూసి "వ్యక్తిగత కారణాలు" అన్న మాట కింద గీత గీసి, "ఈ రెండు మాటలతో నీ పింఛను పోతుంది" అన్నారు. నాకు ఈ రోజు వస్తున్న ప్రతి రూపాయీ ఆయన గీసిన ఆ గీత వల్లే.

1995 ఉద్యోగుల పింఛను పథకం ఉంది కదా, పీఎఫ్ పింఛను అంటే అదే. మన పేరు మీద కంపెనీ పీఎఫ్‌కు కట్టేదాంట్లోంచి జీతంలో 8.33 శాతం దాంట్లోకే పోతుంది. మామూలుగా పింఛనుకు పదేళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు ఉండాలి. కానీ ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి అశక్తులైన వాళ్లకు వేరే నియమం పెట్టారు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, పింఛను వస్తుంది. 58 ఏళ్లు నిండే దాకా ఆగనక్కర్లేదు. అశక్తత వచ్చిన మర్నాటి నుంచి లెక్కగట్టి, బతికున్నంత కాలం ఇస్తారు. మనిషి పోతే భార్యకు వస్తుంది.

అందరూ తడబడేది "పూర్తిగా" అన్న చోట. మంచం పట్టి, ఏ పనీ చేయలేని వాళ్లకే ఇస్తారనుకుంటారు. నియమంలో ఉన్నది అది కాదు. వైకల్యం వచ్చేనాటికి ఆ మనిషి ఏ పని చేస్తున్నాడో, ఆ పనికి శాశ్వతంగా పనికిరాకుండా పోయాడా అన్నదే మెడికల్ బోర్డు చూడాలి. మీ ఆయన రేపు నెమ్మదిగా నడవొచ్చు, ఎడమ చేత్తో అన్నం తినొచ్చు, దేవుడి దయ వల్ల తినాలి కూడా. అంతమాత్రాన రన్నింగ్‌లో ఉన్న మెషిన్ దగ్గర చెయ్యి పెట్టి పనిచేయలేడు కదా. ఆ సంగతే కాగితం మీద కనబడాలి.

అందుకని ఆయన రోజూ ఏం పని చేసేవారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. నాది ఇలా రాయించాం: చక్‌లో జాబ్ బిగించడం, టూల్ సెట్ చేయడం, వెర్నియర్‌తో కొలవడం, షిఫ్టంతా నిలబడి ఉండటం. బోర్డులో పెద్ద డాక్టరుగారు నా ఎంఆర్‌ఐ కంటే ముందు ఆ కాగితమే చదివారు. తర్వాత పెన్ను పట్టుకోమన్నారు. చొక్కా పైగుండీ కుడి చేత్తో పెట్టుకోమన్నారు. నా చూపుడు వేలు, బొటనవేలు కలవవు, గుండీ జారిపోతూనే ఉంది. "వెర్నియర్ ఎలా పట్టుకునేవాడివి?" అని అడిగి ఎడమ చేత్తో చూపించమన్నారు. అంతే, రాసుకున్నారు. ఆ లెటర్ లేకపోతే నేను అప్పుడు వచ్చీరాని మాటలతో నా పనేమిటో ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయేవాణ్ని.

రాజీనామా లేఖ సంగతికి వస్తే, "ఫలానా తేదీన పక్షవాతం వచ్చి, నేను చేస్తున్న మెషిన్ ఆపరేటర్ పనికి శాశ్వతంగా అశక్తుడినయ్యాను, ఆ కారణంగానే ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాను" అని ఉండాలి. డాక్టర్ సర్టిఫికెట్ జతపరచాలి. వాళ్లు తీసుకున్నట్టు స్టాంపు వేసిన కాపీ మీ దగ్గర ఉండాలి. అక్కడితో ఆగకండి. ఉద్యోగి మానేశాక కంపెనీ పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ, కారణం నమోదు చేస్తుంది. అక్కడ రిటైర్మెంట్, మామూలుగా మానేయడం, శాశ్వత వైకల్యం అని వేర్వేరు కారణాలుంటాయి. అలవాటు కొద్దీ మామూలు కారణం నొక్కేస్తారు. యూఏఎన్‌తో, అంటే ఆయన పీఎఫ్ నంబరుతో లాగిన్ అయి సర్వీస్ హిస్టరీలో ఏం పడిందో మీరే చూసుకోండి. తప్పు పడితే కంపెనీ, ఉద్యోగి కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో సరిచేయించవచ్చు. కంపెనీ మొండికేస్తే పీఎఫ్ ఆఫీసు వాళ్లు ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' అనే శిబిరం పెడతారు, అక్కడ కాగితాలతో సహా అడగండి.

ఇంకో ప్రమాదం ఉంది. "పీఎఫ్ డబ్బులు మొత్తం తీసిస్తాం" అంటూ నెట్ సెంటర్ల దగ్గర, ఏజెంట్ల దగ్గర రెండు ఫారాలు కలిపి పెట్టేస్తారు. ఫారం 19 పీఎఫ్ నిల్వ కోసం, దానికి ఇబ్బంది లేదు. ఫారం 10సీతో పింఛను భాగం కూడా తీసేసుకుంటే ఇక పింఛను మాటే ఉండదు. మీకు కావలసింది నెలనెలా పింఛను కోసం పెట్టే ఫారం 10డీ. ఎనిమిదేళ్ల సర్వీసుకు, బేసిక్ సగటున 14,000 అనుకుంటే, 14,000ను 8తో గుణించి 70తో భాగిస్తే నెలకు 1,600 రూపాయలు వస్తాయి. ఇంతేనా అనిపిస్తుంది, నిజమే. మా ఇంట్లో అది మందుల ఖర్చుకు సరిపోతుంది, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేలిముద్ర పడని చేతులకు ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే సదుపాయం వచ్చింది.

పీఎఫ్ నిల్వ మొత్తం తీసుకోవడానికి అశక్తత కారణమైతే ఆగే పని లేదు. అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు ఐదేళ్లు నిండకపోయినా ఆ డబ్బు మీద పన్ను పడదు.

ఇదంతా ఉద్యోగం వదిలాక. అసలు ఇప్పుడే ఎందుకు వదలకూడదో చెప్పాలి. జీతం 21,000 లోపు అంటే మీ ఆయనకు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉండాలి, పే స్లిప్‌లో కోత చూడండి. ఉంటే ఏడాదిలో 91 రోజుల దాకా జీతం సగటులో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ ఇస్తారు. మూడు నెలలు అంటే అది అయిపోవచ్చింది. అయితే ఈఎస్‌ఐ దగ్గర 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటి ఉంది, ఒక పక్క పడిపోయే పక్షవాతం అందులో ఉంది. రెండేళ్లు వరుసగా పనిచేసి, ముందరి నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 156 రోజులు కట్టినవాళ్లకు ఆ 91 రోజుల తర్వాత 80 శాతం చొప్పున ఇస్తారు. మొదట 124 రోజులు. మెడికల్ బోర్డు సిఫారసు చేస్తే 309 రోజులు, కొన్ని కేసుల్లో రెండేళ్ల దాకా పొడిగిస్తారు. రోజు సగటు 600 అయితే రోజుకు 480. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉన్న ఇంటికి ఇది చిన్న మాట కాదు. ఈ లోపు ఫిజియోథెరపీ ఆగదు, చెయ్యి ఎంతవరకు తిరిగి వస్తుందో తెలుస్తుంది. పక్షవాతంలో మొదటి ఆరు నెలల్లో వచ్చే మార్పు తర్వాత అంత వేగంగా రాదని నా ఫిజియో అమ్మాయి ఎప్పుడూ అనేది. ఆ ఆరు నెలలూ పూర్తిగా వ్యాయామం మీద పెట్టించండి.

దీనికి ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్లు వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. ప్రైవేటు ఆస్పత్రిలో చూపించారని రాశారు కదా, ఆ డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్లు తీసుకుని వెంటనే డిస్పెన్సరీకి వెళ్లండి. విజయవాడలో గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. డబ్బు క్లెయిమ్ మాత్రం బ్రాంచి ఆఫీసులో.

నేను సెలవులో ఉన్నప్పుడు అమల్లో ఉన్న 1948 ఈఎస్‌ఐ చట్టం ప్రకారం సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న మనిషిని యజమాని తీసేయకూడదు. తీసేయలేరు కనుకే మన చేత రాజీనామా రాయించాలని చూస్తారు. 2025 నవంబరు 21 నుంచి ఈఎస్‌ఐ, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చాయి. అందుకని మీ ఉత్తరాల్లో పాత సెక్షన్ల నంబర్లు పెట్టకుండా విషయం మాత్రం స్పష్టంగా రాయండి.

గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు మర్చిపోకండి, కంపెనీ వాళ్లు తమంతట తాము గుర్తుచేయరు. మీ ఆయనకు ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఎలాగూ హక్కుంది. వైకల్యం వల్ల మానేసినవాళ్లకైతే ఐదేళ్లు నిండాలన్న నియమం కూడా లేదు, ఇది చదివే ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని చెబుతున్నాను. 14,000 బేసిక్ మీద ఎనిమిదేళ్లకు 64,615 రూపాయలు అవుతుంది. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసు. వికలాంగులకు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మాకు కంపెనీ గ్రాట్యుటీ ఆపితే మా ఆవిడ అక్కడికే వెళ్లింది. ఒక్క నోటీసుతో దారికొచ్చారు.

ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల పింఛను దీనికి వేరు. దానికి వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. నరాల జబ్బుల్లో మామూలుగా ఆరు నెలలు గడిచాకే శాతం తేలుస్తారు, కాబట్టి ఇప్పుడే స్లాట్ కోసం టెన్షన్ పడొద్దు. సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని ఉందో, శాశ్వతం అని ఉందో చూసుకోండి, పీఎఫ్ పింఛనుకు ఆ మాట ముఖ్యం. మీ ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి నెలకు 6,000 ఇస్తున్నారు, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకు 15,000. మా తెలంగాణలో 4,016. మీ వార్డు సచివాలయంలో అడగండి, ఆదాయం షరతులు కూడా అక్కడే చెబుతారు. 2025లో ఆంధ్రాలో ఈ సర్టిఫికెట్లన్నీ మళ్లీ తనిఖీ చేశారు, అందుకని మొదటి రోజు నుంచి స్కాన్లు, ప్రిస్క్రిప్షన్లు ఒక్కటీ పారేయకండి.

బ్యాంకులో కట్టిన 20 రూపాయల బీమా వస్తుందని మీకూ ఎవరో ఒకరు చెబుతారు. అది ప్రమాదాలకే, పక్షవాతానికి రాదు. దాని వెంట తిరిగి ఓపిక పోగొట్టుకోవద్దు.

ప్రభుత్వ ఉద్యోగులు, ఆర్టీసీ వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. మీరు అసలు రాజీనామా చేయాల్సిన పనే లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పనిలోకి మార్చాలి. సరిపడే పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఈ రక్షణ లేకపోవడం నాకు ఇప్పటికీ చాలా బాధగా ఉంటుంది. రోగం ఇద్దరికీ ఒకటే, ఇల్లు గడవాల్సిన అవసరమూ ఒకటే.

మళ్లీ హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వస్తే గొడవ పడొద్దు. "ఈఎస్‌ఐ సెలవులో ఉన్నారండీ, బోర్డు అయ్యాక మేమే లేఖ ఇస్తాం" అని మర్యాదగా చెప్పి, అదే మాట వాట్సాప్‌లో కూడా రాసి పెట్టండి. ఆయన యూఏఎన్‌కు మీ ఫోన్ నంబరు లింక్ అయి ఉందా, ఈఎస్‌ఐ కార్డు మీద ఏ డిస్పెన్సరీ ఉంది, పే స్లిప్‌లో బేసిక్ ఎంత, ఈ మూడూ ఇక్కడ చెప్పండి. 10డీ ఎలా నింపాలో, ఈఎస్‌ఐ బోర్డుకు ఏ కాగితాలు తీసుకెళ్లాలో మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా రాస్తాను, ఆ ఫారాలన్నీ నింపింది తనే.