సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారితే ముందు లోడు చూడండి

మీ డీజిల్ జనరేటర్ సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుతోందని అడిగారు. దానికి కారణం చాలావరకు లోడు, అంటే జనరేటర్ మీద పడే కరెంటు వాడకం, చాలకపోవడమే. పలాసలో మీ జీడిపప్పు యూనిట్‌కు ఉన్న 125 కేవీఏ జనరేటర్‌ను రాత్రిళ్లు దీపాలకు, ఫ్యాన్లకే నడుపుతున్నామని రాశారు. అంత తక్కువ లోడులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. పూర్తిగా మండని డీజిల్ మసితో కలిసి పొగగొట్టంలో పేరుకుంటుంది. మెకానిక్ అన్నాడని అప్పుడే ఇంజిన్ విప్పించకండి.

1. క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం) మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు కొలవండి. అందరూ వదిలేసేది ఇదే. ప్యానెల్ మీద 415 వోల్టులు కనిపిస్తే చాలనుకుంటారు. వోల్టేజీ చూస్తే లోడు తెలియదు. మీ జనరేటర్ సెట్టుకు పూర్తి లోడంటే ఫేజుకు సుమారు 174 ఆంపియర్లు. 52 దాటడం లేదంటే 30 శాతం కూడా లేనట్టే.

2. డ్రయ్యర్లు, మోటార్లు ఒక్కొక్కటిగా కలుపుతూ ఫేజుకు 120 ఆంపియర్ల దాకా తీసుకెళ్లి, రెండు గంటలు నడపండి. మొదట పొగ ఎక్కువే వస్తుంది. పేరుకున్న జిడ్డు అంటుకోవచ్చు కాబట్టి జీడి పిక్కల సంచులు దూరంగా జరపండి, దగ్గర మనిషిని ఉంచండి.

3. అప్పటికీ పొగ తగ్గకపోతే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) మెకానిక్‌కు చూపించండి.

రాత్రి దీపాలకు విడిగా చిన్న సెట్టు పెట్టుకుంటే డీజిల్ కూడా మిగులుతుంది.