పికప్ మిస్ కొడుతోందని నువ్వే విప్పుతావంట, ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నోడా,

మీ అమ్మ ఫోన్ చేసింది. సెకండ్ హ్యాండ్‌లో బొలెరో పికప్ తీసుకున్నావంట, ఐడ్లింగ్‌లో ఒకటే వణుకుతోందంట, మామిడి సీజన్ మొదలయ్యేలోపు నున్న మార్కెట్‌కి లోడ్లు వెయ్యాలి కాబట్టి ఇంటిదగ్గర నువ్వే చూసుకుంటానన్నావంట. చాలా సంతోషమేసిందిరా, మన ఇంట్లో నా తర్వాత పానా పట్టేవాడే లేడనుకున్నా. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించట్లేదు, ఎందుకంటే నువ్వు చిన్నప్పుడు నా పక్కన నిలబడి నేర్చుకుంది పాత జీపు మీద, ఇప్పుడు నీ వాకిట్లో ఉన్నది కామన్ రైలు బండి, అంటే రైలు అనే ఒకే లావు పైపులో డీజిల్‌ని విపరీతమైన ప్రెషర్‌తో నింపి అన్ని సిలిండర్లకీ పంచే రకం.

తేలికవి ముందు చెప్పేస్తా. బండి న్యూట్రల్‌లో పెట్టు, హ్యాండ్ బ్రేక్ లాగు, చక్రాల కింద రాళ్ళు పెట్టు. లుంగీతో, మెడలో తువ్వాలుతో బానెట్ కిందకి వంగావంటే నేనొచ్చి కొడతా, ఫ్యాన్ బెల్టుకి కళ్ళుండవు. రేకుల షెడ్డు తలుపులేసి ఇంజన్ ఆడించకు. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడు, అవి పోయినా బండి ఇలాగే ఊగుతుంది, జనం అనవసరంగా సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పించుకుంటారు. వైరింగ్ ఎలుకలు కొరికాయేమో చూడు. ఎయిర్ ఫిల్టర్ దులుపు. పొగ నల్లగా వస్తే గాలి చాలట్లేదనో డీజిల్ ఎక్కువ పడుతోందనో అనుకో, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే ఇక స్టార్ట్ చెయ్యకు, అది హెడ్ గాస్కెట్ అయ్యుండొచ్చు, ఇంటిదగ్గర అయ్యే పని కాదు.

డీజిల్ ఫిల్టర్ మాత్రం తీరిగ్గా చూడాలి. కింద ఉండే డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పట్టు, కాసేపు ఆగితే నీళ్ళు అడుక్కి, డీజిల్ పైకి విడిపోతాయి. నీళ్ళు కనపడితే సగం రోగం అక్కడే ఉంది. పైపు క్లిప్పులు వదులైనా డీజిల్ లైన్లోకి ఎయిర్ పడుతుంది, చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి ఎయిర్ తీసి మళ్ళీ స్టార్ట్ చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. పాత బళ్ళకి ఏ సిలిండర్ మిస్ కొడుతోందో తెలియాలంటే ఇంజన్ ఆడుతుండగానే నాజిల్ పైపు నట్లు ఒక్కోటీ వదులు చేసేవాళ్ళం. వదులు చేసినా ఇంజన్ చప్పుడు మారలేదంటే ఆ సిలిండర్ పనిచెయ్యట్లేదన్నట్టు. నువ్వు పక్కన టార్చి పట్టుకుని, మావయ్యా మూడోది మావయ్యా అని అరిచేవాడివి, నాకు ఇప్పటికీ గుర్తే. ఆ పాత నాజిళ్ళు 200 బార్ల ప్రెషర్ దగ్గర తెరుచుకునేవి. నీ బండి రైల్లో ఐడ్లింగ్‌లోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే 1000 దాటుతుంది. నీ టైర్లో గాలి నాలుగైదు బార్లేరా, అంచనా వేసుకో.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ బళ్ళు కొత్తగా వస్తున్న రోజుల్లో పక్క షెడ్డు మేస్త్రి, చేయి తిరిగినవాడు, నాకంటే పెద్దోడు, అలవాటు కొద్దీ ఆడుతున్న ఇంజన్ మీద నట్టు కదిపాడు. డీజిల్ కారినట్టు కూడా కనపడలేదు, సన్నటి తుంపర అంతే. చూపుడువేలు చివర సూది గుచ్చినంత చుక్క. రక్తం లేదు, నొప్పి లేదు. వేస్ట్ క్లాత్ చుట్టుకుని సాయంత్రందాకా పని చేసుకున్నాడు, మేమూ ఏం కాలేదులే అన్నాం. రాత్రికి చెయ్యి మణికట్టుదాకా ఉబ్బి నల్లబడింది. ఆసుపత్రిలో డాక్టరు ముందు అడిగిందే, ఎన్ని గంటలైంది, వెంటనే ఎందుకు తీసుకురాలేదు అని. డీజిల్ చర్మం లోపలికి దూరి లోపల్లోపలే కండ చంపేస్తుందంట, గంటల్లో కోసి కడగాలంట. వేలు తీసేశారు. ఆ మనిషి తర్వాత పానా పట్టుకునే తీరే మారిపోయింది, బోల్టు బిగించాలంటే కుర్రాణ్ణి పిలిచేవాడు, అది చూడలేక నేను మొహం తిప్పుకునేవాణ్ణి.

అందుకే చెప్తున్నా, ఇంజన్ ఆడుతుండగా రైలు పైపుల నట్లు ముట్టుకోకు. లీకేజీ ఎక్కడో చెయ్యి పెట్టి వెతకకు, అట్ట ముక్క పట్టుకుని చూడు. ఆపాక కూడా పది నిమిషాలు ఆగు. ఇంజన్ ఆడుతుండగా నాజిల్ కనెక్టర్లు కూడా పీకకు, వాటికెళ్ళే కరెంటు బ్యాటరీ 12 వోల్టుల కంటే చాలా ఎక్కువ. పొరపాటున చుక్కంత గుచ్చుకున్నా నొప్పి లేదని కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రికెళ్ళి హై ప్రెషర్ డీజిల్ లోపలికెళ్ళిందని గట్టిగా చెప్పు.

మరి మిస్ కొట్టేది ఏదో ఎలా తెలుస్తుందంటావు. రిటర్న్ చూడు, అంటే నాజిల్ వాడుకోకుండా ట్యాంకుకి వెనక్కి పంపే డీజిల్. ఇంజన్ ఆపి నాజిళ్ళ మీద సన్నటి రిటర్న్ పైపులు తీసి, నాలుగు సన్న పైపులు తగిలించి నాలుగు ఒకే సైజు మంచినీళ్ళ సీసాల్లోకి వదులు, ట్యాంకుకెళ్ళే పాత లైను నోరు మూసెయ్. సీసాలు తీగతో కట్టి కాసేపు ఐడ్లింగ్‌లో ఆడించు. మూడు సమానంగా నిండి ఒకటి గబగబా నిండితే ఆ నాజిలే అనుకో. నాజిల్ మొదట్లో తారులా నల్లగా పేరుకుని చఫ్ చఫ్ మంటోందంటే రాగి వాషర్ పోయింది.

నాజిల్ బయటికి తియ్యాల్సొస్తే మాత్రం ఆగరా. కొత్తది వేస్తే దాని మీదున్న కోడ్‌ని స్కానర్‌తో బండి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, అది నా దగ్గరుంది, ఆదివారం తీసుకొస్తా. సీసాల ఫొటో సాయంత్రం వాట్సాప్‌లో పెట్టు, ఏ సీసా ఏ సిలిండర్‌దో మార్కర్‌తో రాసి మరీ పెట్టు. అక్కతో చెప్పు, చేపల పులుసు శనివారం రాత్రే పెట్టి ఉంచమని.

మీ మావయ్య