టెక్ సందేహాలు: రైట్ క్లిక్ ఆపితే తాళం వేసినట్టేనా?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మా మేనమామ జంపఖానాల దుకాణానికి రియాక్ట్, వీట్ అనే వెబ్ టూల్స్‌తో వెబ్‌సైట్ చేశాను. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే ఇచ్చిన సీక్రెట్ కీని (రహస్య కోడ్) డాట్ ఈఎన్‌వీ (.env) అనే సెట్టింగుల ఫైల్‌లో పెట్టాను. రైట్ క్లిక్, ఎఫ్12 కూడా పనిచేయకుండా ఆపాను. అయినా కీ బయటపడిందని మా సీనియర్ అంటున్నాడు. ఎలా? సైట్ కూడా నెమ్మదిగా ఉంది. లింకు పంపుతున్నాను.
- బీటెక్ విద్యార్థి, హనుమకొండ

మీ సీనియర్ చెప్పింది నిజమే. ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, నాకు ఇదే ప్రశ్న వరుసగా వస్తుంటుంది.

డాట్ ఈఎన్‌వీ ఫైల్ అంటే ఇనప్పెట్టె అనుకున్నారు. వీట్‌లో పేరుకు ముందు 'వీట్ అండర్‌స్కోర్' (VITE_) తగిలించి కోడ్‌లో వాడిన వేరియబుల్ విలువ, బిల్డ్ చేసినప్పుడు, అంటే సైట్‌ని జనానికి పంపేలా సిద్ధం చేసినప్పుడు, జావాస్క్రిప్ట్ ఫైల్లోకే వచ్చి కూర్చుంటుంది. ఆ ఫైలే కస్టమర్ ఫోన్‌కి వెళ్తుంది. మీ లింకు తెరిచి, బ్రౌజర్ మెనూలోంచి, సైట్ కోడ్ చూపించే డెవలపర్ టూల్స్‌లోకి వెళ్లాను. దానికి ఎఫ్12తో పనే లేదు. కోడంతా ఒకే వరుసలో ఉంది. 'సీక్రెట్' అని వెతికితే పక్కనే కోట్స్ మధ్య మీ కీ మొత్తం కనిపించింది. అర నిమిషం కూడా పట్టలేదు.

ముందు గేట్‌వే డ్యాష్‌బోర్డులో ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఫైల్ డిలీట్ చేశాను కదా అని ఊరుకోవద్దు, పాత కమిట్లలో (అంతకుముందు సేవ్ చేసిన ప్రతుల్లో) అది భద్రంగా ఉంటుంది. కొత్త సీక్రెట్ సర్వర్ దాటి రాకూడదు. సర్వర్ లేదంటారా? చిన్న సర్వర్‌లెస్ ఫంక్షన్ (క్లౌడ్ కంపెనీ సర్వర్‌పై నడిచే చిన్న కోడ్) చాలు.

మీరు అడగలేదు గానీ, నాకు అంతకన్నా గుబులు పుట్టించింది ఇంకోటి ఉంది. కట్టాల్సిన మొత్తాన్ని కూడా బ్రౌజరే లెక్కగట్టి పంపుతోంది. 1,800 రూపాయల జంపఖానాను ఎవడైనా 1 రూపాయి చేసి పంపాడనుకోండి. పేమెంట్ సక్సెస్ అని మెసేజ్ వస్తుంది, మీ మామయ్య పార్సిల్ కట్టేస్తారు. ఏ సరుకు, ఎన్ని అన్నంతవరకే బ్రౌజర్‌ని అడగండి. ధరను సర్వర్ తన డేటాబేస్‌లోంచి తీసుకోవాలి. పేమెంట్ అయ్యాక గేట్‌వే పంపే సిగ్నేచర్‌ను (కబురు నిజంగా దాని నుంచే వచ్చిందని చూపే డిజిటల్ ముద్ర) సరిచూడాల్సిందీ సర్వరే.

సైట్ నెమ్మది అంటారా, ఫోన్‌లో తీసిన ఫొటోలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించారు. సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చండి.

ఇక ఈ రైట్ క్లిక్ ఆపే పిచ్చి. పెద్ద పెద్ద సైట్లకీ ఇలాంటిదే ఉంది, అక్కడ పేస్ట్ ఆపేస్తారు. మొన్న హనుమకొండ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్లో ఒక పెద్దాయన పాస్‌బుక్ చూసి అకౌంట్ నంబర్ ఒక్కో అంకె చదువుతున్నాడు, పేస్ట్ ఆపిన పెట్టెలో కుర్రాడు కొడుతున్నాడు. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి సెషన్ అయిపోయి కథ మళ్లీ మొదటికొచ్చింది. "రేపొస్తలే బిడ్డా" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ పెట్టెల్లోనూ ఇదే తంతు. పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి తెచ్చి పెట్టనివ్వకపోతే జనం పుట్టిన తేదీ పెట్టుకోక ఏం చేస్తారు? పేస్ట్ చేయనివ్వాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో రాసింది.

అన్నట్టు, మీ సైట్లో పిన్‌కోడ్ పెట్టెలో కూడా పేస్ట్ ఆపారు. ఎందుకండీ?