పదవోన్నతి ఒప్పేనా? ఎంపికా, ఎన్నికా?

సందేహం: నేను అనంతపురం జిల్లాలో పోలీసు ఉద్యోగిని. కానిస్టేబుల్‌గా చేరాను, హెడ్ కానిస్టేబుల్ అయ్యాను, ఈమధ్యే ఏఎస్సై ప్రమోషన్ వచ్చింది. మిత్రులు ఫ్లెక్సీ వేయించి, దాని మీద 'పదవోన్నతి పొందబడిన' అని రాయించారు. తెలుగు ఎం.ఏ. చదువుతున్న మా అమ్మాయి అది తప్పంటుంది, 'పదోన్నతి' అనాలంటుంది. మా స్టేషన్ రైటర్ గారేమో 'పదవి కదా పెరిగింది, పదవోన్నతే రైటు' అంటున్నారు. ఏది ఒప్పు? అలాగే ప్రమోషన్‌కి 'ఎంపిక' అనాలా, 'ఎన్నిక' అనాలా? ఇంటర్వ్యూని 'ముఖాముఖి' అనవచ్చా?

సమాధానం: ముందుగా మీ భుజం మీది కొత్త స్టారుకు నా అభినందనలు.

మొదటి ప్రశ్నలో మీ అమ్మాయిదే ఒప్పు. పద, ఉన్నతి కలిసి పదోన్నతి అయింది. రైటర్ గారి వాదన కూడా వినదగ్గదే. కానీ పదవి, ఉన్నతి కలిస్తే వచ్చేది 'పదవ్యున్నతి'. ప్రత్యుత్తరం, అత్యుత్సాహం ఎలా వచ్చాయో ఇదీ అలాగే రావాలి. 'పదవోన్నతి'లో ఆ ఓకారం ఎక్కడి నుంచి వచ్చిందో ఏ సూత్రంతోనూ చెప్పలేం. ఒకరు ఫ్లెక్సీ మీద రాస్తారు, దాన్ని చూసి ఇంకొకరు ఆహ్వానపత్రంలో అచ్చువేస్తారు, తప్పు ఊరంతా పాకిపోతుంది. అక్షరం అచ్చుకు పంపేముందు తెలిసినవాళ్లను ఒక్క మాట అడిగితే ఏం పోయింది?

'పొందబడిన' అన్నది ఇంకా పెద్ద తప్పు. మీరు పదోన్నతి పొందారు. మరి ఆ 'బడు' ఎందుకు? పొందినవారిని పొందినవారనే రాయాలి. 'ఇంటర్వ్యూ నిర్వహించబడును', 'ఎంపిక కాబడిన' లాంటివి సర్కారు కాగితాల్లో చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. 'ఇంటర్వ్యూ జరుగుతుంది', 'ఎంపికైన' అంటే చాలదా?

పదవి గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. సంస్కృతంలో పదవికి తొలి అర్థం దారి. నడిచే బాట పేరే చివరకు ఆ బాట చేర్చే చోటుకు వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో అమీనుగా, అంటే ఇప్పటి ఎస్సై లాంటి ఉద్యోగంతో, పోలీసు కొలువులో చేరిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు 1920లో కొత్వాల్, అంటే నగర పోలీసు అధిపతి అయ్యారు. ఆయన జీవితం చూస్తే పదవిని దారి అనడం ఎంత సబబో తెలుస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. దీని కోసమే మీ ఉత్తరాన్ని పదే పదే చదివాను. ఎంపిక, ఎన్నిక రెండూ ఒక కుదురు మాటలే. ఎన్ను, ఎంచు అనే క్రియలు వాటికి మూలం. పెంచు నుంచి పెంపు, తెంచు నుంచి తెంపు వచ్చినట్టు ఎంచు నుంచి ఎంపు, దాని మీద ఎంపిక వచ్చాయి. తమిళంలో 'ఎణ్' అంటే అంకె, తలచడం కూడా. మీకు ఆనుకునే ఉన్న కన్నడంలో 'ఎణిసు' అంటే లెక్కపెట్టడం, అనుకోవడం. ద్రావిడ భాషలు మాట్లాడిన మన పెద్దలకు లెక్కపెట్టడమూ ఆలోచించడమూ వేరువేరు పనులు కావు. వేళ్ల మీద ఒక్కొక్కటే లెక్కపెట్టి చూడడమే ఆలోచన.

తెలుగులో ఈ క్రియ ఎన్ని దారులు తొక్కిందో చూడండి. మీ సీమలో దుడ్లు ఎంచుతారు, అంటే లెక్కపెడతారు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, అక్కడ ఎంచడమంటే తలపోయడం. 'తప్పులెన్నువారు' అని వేమన అన్నప్పుడు ఎన్నడమంటే వేలెత్తి చూపడం. 'ఎన్నదగినవాడు' అంటే మెచ్చదగినవాడు. ఎంచుకోవడం అంటే ఏరుకోవడం. లెక్క, తలపు, తప్పు పట్టడం, మెప్పు, ఏరుకోవడం, ఈ అయిదూ ఒక్క ధాతువులో ఇమిడాయి.

మీ శాఖలో ప్రమోషన్ ఎలా ఇస్తారో చదువుతుంటే ఈ క్రియే కళ్లముందు మెదిలింది. మొదట సీనియారిటీ లిస్టు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరి తరువాత ఎవరు అనేది అందులో ఉంటుంది. అది అచ్చంగా దుడ్లు ఎంచినట్టు ఎంచడం. ప్రమోషన్‌కు తగినవారి జాబితాను ప్యానెల్ అంటారు. రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా. ఆ ఏడాదిలో ఎన్ని ఖాళీలు వస్తాయో ముందే అంచనా వేసి ప్యానెల్ తయారు చేస్తారు. అదీ లెక్కే. కొన్ని పోస్టులకు సీనియారిటీ ఉండి, తగినవాడైతే చాలు. 'సెలెక్షన్' పోస్టులకు మాత్రం ప్రతిభ, సామర్థ్యం ముందు చూస్తారు, అవి దాదాపు సమానంగా ఉన్నప్పుడే సీనియారిటీ చూడాలంటుంది నిబంధన. అక్కడ లెక్క ఆగి తలపోత మొదలవుతుంది, కీడెంచి మేలెంచడమన్నమాట.

తప్పులెన్నడం కూడా ఉంది. పాత పనిష్మెంట్లు, పెండింగులో ఉన్న చార్జి మెమోలు, అంటే శాఖ ఇచ్చిన ఆరోపణ పత్రాలు బయటికి తీస్తారు. చార్జి ఉన్నవారి విషయంలో ప్రమోషన్ కమిటీ ఏమనుకుందో రాసి, ఆ చార్జి తేలేదాకా కవర్లో పెట్టి సీలు వేస్తారు. ఎవరి మీదో ఎంక్వయిరీ నడుస్తోందన్న మాట చాలదని, చార్జి మెమో గానీ క్రిమినల్ కేసులో చార్జిషీటు గానీ ఇచ్చాకే సీల్డ్ కవర్ పద్ధతి పాటించాలని సుప్రీంకోర్టు 1991లో జానకీరామన్ కేసులో తేల్చింది. ఉద్యోగి పనితీరు మీద పై అధికారి ఏటా రాసే రిపోర్టులో ఏముందో ఆ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో చెప్పింది. నాకు ఈ రెండో తీర్పు చాలా ఇష్టం. తప్పు ఎంచేవాడు ఎదుటివాడికి వినపడేలా ఎంచాలి.

మెప్పుకూ చోటుంది. మంచి పనికి సర్వీసు రికార్డులో రాసే మెచ్చుకోలును మీరు గుడ్ సర్వీస్ ఎంట్రీ అంటారే, అదే. డీఎస్పీల నుంచి ఐపీఎస్‌కు తీసుకునేటప్పుడు అయితే మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1955 నాటి నిబంధనల ప్రకారం డీఎస్పీగా 8 ఏళ్లు పనిచేసినవారి సర్వీసు రికార్డు చూసి ఎంపిక కమిటీ ఒక్కొక్కరిని అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, అన్‌ఫిట్ అనే నాలుగు తరగతుల్లో ఒకదానిలో పెడుతుంది. అవుట్‌స్టాండింగ్‌కు తెలుగులో 'అత్యుత్తమం', 'విశిష్టం' అని రాస్తున్నారు. 'ఎన్నదగిన' అనే మాట ఉండగా ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. నలుగురిలో ఎంచి చూపదగినవాడు అన్న అర్థం అందులోనే ఉంది.

ఇంత చెప్పాక ఎంపికా, ఎన్నికా అంటే ఈ రోజు వాడుకలో ఎంపికే సరి. ఎన్నిక ఓటు పెట్టెకు వెళ్లిపోయింది. 'ఏఎస్సైగా ఎన్నికయ్యారు' అని రాస్తే మీకు ఎవరో ఓట్లు వేశారనుకుంటారు. అయినా పాత అర్థంలో 'ఎన్నిక' అన్నవారిని నేను తప్పు పట్టను. మాట చరిత్ర వారి వైపే ఉంది.

ముఖాముఖి సంగతి. సంస్కృతంలో కేశాకేశి అంటే జుట్టూ జుట్టూ పట్టుకుని చేసే పోరు. దండాదండి కర్రలతో, ముష్టాముష్టి పిడికిళ్లతో. మన పేపర్లలో కనిపించే 'బాహాబాహీ' ఆ కుటుంబానిదే. ముఖాముఖి అచ్చు అదే పోతలో పోసిన మాట. ఇద్దరూ సమానంగా తలపడే చోట ఈ రూపం పుట్టింది. ఇంటర్వ్యూ అన్న మాటకు ఫ్రెంచి మూలంలో అర్థం ఒకరినొకరు చూసుకోవడమే కాబట్టి, విలేఖరి ఒక నాయకుడితో మాట్లాడితే ముఖాముఖి అనడం బాగుంటుంది. బోర్డు ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పేవాడికి అది కుదురుతుందా? అక్కడ ప్రశ్నలన్నీ ఒక వైపు నుంచే వస్తాయి, టెన్షన్ అంతా రెండో వైపే ఉంటుంది. దానికి 'మౌఖిక పరీక్ష' మేలు. ఇంటర్వ్యూ అన్నా నాకు అభ్యంతరం లేదు, అది తెలుగే అయిపోయింది. మీ శాఖలో చాలా ప్రమోషన్లకు కమిటీ ముఖం చూడదు, ఫైలే చూస్తుంది. అలాంటప్పుడు ముఖాముఖి అని రాయడం మాత్రం నిజంగా తప్పు. అక్కడ 'రికార్డు పరిశీలన' అనండి.

మీ వృత్తికే చెందిన పాత మాట తలారి గురించి కూడా రాయాలని ఉంది. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో 'మహాతలవర' అంటే మహాసేనాపతి స్థాయి బిరుదు. రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ భర్త మహాతలవరుడే. అంత ఎత్తు మాట ఊరి కాపలా తలారి దాకా దిగివచ్చింది. ఆ కథ పెద్దది, మరోసారి రాస్తాను.

మీ ఫ్లెక్సీ మీద 'ఏఎస్సైగా పదోన్నతి పొందిన' అని మార్పించండి. నాకు మీ నుంచి ఒక సాయం కావాలి. పొద్దున రోల్‌కాల్ వేళ మీ స్టేషన్లో పాతవాళ్లు 'లెక్కపెట్టు' అంటారా, 'ఎంచు' అంటారా? గమనించి ఒక కార్డు ముక్క రాయండి.