విషం పుట్టిల్లు

సందేహం: మాది తెనాలి దగ్గర పల్లె. వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. పంటల శిలీంద్రాల్లో (బూజుల్లో) ఎపిజెనెటిక్ మార్పుల గురించి, అంటే డీఎన్ఏ మారకుండానే జన్యువుల పనితీరు మారడం గురించి, తెలుగులో వ్యాసం రాశాను, జతచేస్తున్నాను. రోగం కలిగించే శక్తిని చెప్పే 'విరులెన్స్'కు 'తీవ్రత' అంటే మాస్టారు కొట్టేసి 'విషపూరితత్వం' అని దిద్దారు. 'ఎపిజెనెటిక్'ను నేను 'బాహ్యజన్యు' అన్నాను. ఏవి సరైనవి?

సమాధానం: ముందు ఒత్తు సంగతి అమ్మా. అది 'శిలీంధ్రం'. ఒత్తు ఊడగొడితే ఇంద్రుడొచ్చి అందులో కూర్చుంటాడు. పురుగుమందుల కరపత్రాల్లో ఆయన కూర్చుని చాలాకాలమైంది. మీరైనా లేపకపోతే ఎలా?

మీ మాస్టారి దిద్దుబాటు చూసి ముచ్చటేసింది. అది ఒప్పని కాదు, తెలియకుండానే మాట పుట్టింటి తలుపు తట్టారని. 'విరులెన్స్'కు మూలం లాటిన్ 'విరుస్', అంటే విషం. 'విరులెంటుస్' అంటే విషంతో నిండినది. ఈ విరుస్‌కూ మన సంస్కృత 'విష' శబ్దానికీ తాత ఒక్కడే. మరి ష ఉండాల్సిన చోట ర ఎందుకుందంటారా? లాటిన్‌లో రెండు అచ్చుల నడుమ ఇరుక్కున్న సకారం రేఫగా మారిపోతుంది. మనకిది వింతేమీ కాదు. ఆయుస్సు 'ఆయుర్వేదం'లోకి, ధనుస్సు 'ధనుర్మాసం'లోకి వెళ్లేటప్పుడు చేసే పని ఇలాంటిదే, సూత్రాలు వేరైనా. కరోనా రోజుల్లో అందరి నోళ్లలో నానిన 'వైరస్' కూడా ఆ ఇంటి బిడ్డే. వానాకాలం రాగానే మన పత్రికలు 'విషజ్వరాలు' అని రాస్తే ఇంగ్లీషు చదివినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, వ్యుత్పత్తి పత్రికల పక్షానే ఉంది.

పాముకు తలలో, తేలుకు తోకలో విషముంటే ఖలుడికి 'నిలువెల్ల విషము' అన్నాడు సుమతీ శతకకారుడు. 'విరులెంటుస్'కు అంతకన్నా మంచి తెలుగు నాకు కనబడలేదు. చిక్కేమిటంటే, మీ బూజు ఖలుడు కాదు. గాజు పళ్లెంలో పెంచితే సాధువు, ఆకెక్కితే దొంగ. ఆవ జాతి పంటల్ని పట్టే లెప్టోస్ఫేరియా మాక్యులాన్స్ అనే శిలీంధ్రంలో 2014లో ఈ గుట్టే బయటపెట్టారు. పళ్లెంలో ఉన్నప్పుడు దాని దాడి జన్యువులు నోరు మూసుకుని ఉంటాయి. వాటిని మూయించే మిథైల్ అనే రసాయన గుర్తుల్ని తగ్గిస్తే పళ్లెంలోనే నోరు విప్పాయి.

విజయవాడ లెనిన్ సెంటర్‌లో నేను కొన్న ఒక పాత వ్యాకరణంలో ఎవరో కుర్రాడు కొన్ని పేజీల మీద పెన్సిల్‌తో 'వదిలేయ్' అని రాసుకున్నాడు. ఒకచోట రబ్బరుతో చెరిపిన మరక, దాని కింద సంధి సూత్రానికి గట్టిగా గీత. పరీక్షలో వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు! పుస్తకంలో అచ్చు ఒక్క అక్షరం మారలేదు, మారింది చదువు. ఎపిజెనెటిక్ మార్పూ ఇంతే. డీఎన్ఏ అక్షరాలు అలాగే ఉంటాయి, అది చుట్టుకున్న హిస్టోన్ ప్రొటీన్ల మీద గుర్తులు పడతాయి, చెరుగుతాయి. ఆ గుర్తు పేజీ మీదే ఉంది కదా, 'బాహ్య' ఎలా అవుతుంది? గ్రీకు 'ఎపి'కి 'పైన' అని అర్థం చెప్పుకుంటే 'ఉపరిజన్యు' కొంత నయం. 1942లో జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ ఈ మాట తెచ్చినప్పుడు ఆయన ఉద్దేశం ఇంకా విశాలం కాబట్టి నేనూ గట్టిగా పట్టుబట్టను.

'తీవ్రత' మొక్క మీద కొలిచేది, ఆకు ఎంతమేర మచ్చపడిందన్న లెక్క. విరులెన్స్ బూజు గుణం. 'ఉధృతి' అందామనిపిస్తే దాన్ని వరదవార్తలకు వదిలేయండి, రాస్తే 'ఉద్ధృతి' అని రాయండి. 'విషపూరితత్వం' కూడా పూర్తిగా అతకదు. ఆ దాడి జన్యువులు తయారుచేయించే ప్రొటీన్లలో చాలావాటి పని మొక్కను చంపడం కాదు, దాని కాపలాను నిద్రపుచ్చడం.

అన్నట్టు, వ్యాసమంతా 'వరి బ్లాస్ట్ వ్యాధి' ఏమిటమ్మా? ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ, అంచు గోధుమరంగు, నడుమ బూడిద. ముదిరితే చేను తగలబడ్డట్టుంటుంది. చూసిన రైతు 'అగ్గి తెగులు' అన్నాడు. 'తెగు' ధాతువులోంచి వచ్చిన తెగులు ఉండగా 'వ్యాధి' దేనికి?

ఆ తెగులును పక్కన పెట్టుకుని విరులెన్స్‌ను 'తెగులు సత్తా' అనొచ్చేమో. మీ ఊళ్లో వరి వేసే ఒకరిద్దరికి చదివి వినిపించండి. మొహం చిట్లిస్తే 'విరులెన్స్' అనే ఉంచేయండి, నేనేమీ అనుకోను. శిలీంధ్రానికి ఒత్తు మాత్రం పెట్టండి.